సైకిల్ దిగాల్సిన చోటు



ఆరు రోజులుగా పోస్టు లేదేమని చాలామంది అడిగారు. సైకిల్ తొక్కుతున్నాను. కాకినాడ నుంచి ఒంగోలు దాకా, సముద్రానికి దగ్గర దగ్గరగా సాగే 216 నంబరు జాతీయ రహదారి మీద, ఒక్కణ్ణే. దాదాపు 350 కిలోమీటర్ల దారి. మధ్యలో లోపలి ఊళ్లకు తిరిగింది కలిపితే నాలుగొందలు దాటింది. ఎక్కడ తిన్నాను, ఎక్కడ పడుకున్నాను అన్నది పెద్ద కథ కాదు. ఈ భాగంలో రోడ్డు గురించి రాస్తాను. రోడ్డు ఎవరిది అనే ప్రశ్న గురించి.

ముందు ఒక చట్టం సంగతి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో పార్లమెంటు దాన్ని సవరించింది. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సైకిల్ అనే మాట ఉంది, చూడండి. దళితులు, ఆదివాసులు నలుగురూ తిరిగే చోట సైకిల్ గానీ మోటార్ సైకిల్ గానీ ఎక్కకుండా, చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా అడ్డుకుంటే నేరం. చట్టాలు ఊహించుకుని రాయరు కదా. జరుగుతోంది కాబట్టే రాశారు. చంద్రుడి మీదికి, అంగారకుడి మీదికి యంత్రాలు పంపిన దేశం, మనిషిని సైకిల్ మీంచి దించకూడదని 2015లో కాగితం మీద రాసుకోవాల్సి వచ్చింది.

మా నాయనకు ఆ చట్టం తెలియదు. ఆయన బతికున్న రోజుల్లో అది లేదు. రెండేళ్లు కూలి డబ్బులు కూడబెట్టి పాత సైకిల్ ఒకటి కొన్నాడు. పల్లె నుంచి బయటి రోడ్డెక్కాలంటే ఊళ్లోంచి పోవాలి. ఊళ్లో కామందు అరుగు వస్తుంది. అరుగు ఇంకా పది బారలు ఉందనగానే మా నాయన దిగేవాడు. తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, హ్యాండిల్ పట్టుకుని నడిపించుకుంటూ పోయి, అరుగు దాటిన పది బారల తర్వాత ఎక్కేవాడు. నేను వెనక క్యారేజీ మీద ఉంటే నన్నూ దించేవాడు. "ఎందుకు నాయనా?" అంటే "చైన్ వదులైంది" అనేవాడు. రోజూ అదే చోట చైన్ వదులవడమేంటని నాకు అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ ఇరవై బారల నేల కోసమే నేను ఈ సైకిల్ ఎక్కాను.

మొదటి రోజు: కాకినాడ – అమలాపురం

తెల్లవారుజామున బయలుదేరాను. 1944లో బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు మద్రాసు నుంచి మన కోస్తా జిల్లాలకు వచ్చాడు. ఆ పర్యటనలో కాకినాడ కూడా ఉంది. ఆ ఊళ్లో మొదలుపెట్టడం నాకు బాగా అనిపించింది.

యానాం దాటి గౌతమి మీద ఎదుర్లంక వంతెన ఎక్కాను. వంతెన పేరు బాలయోగి వారధి. లోక్‌సభకు స్పీకరైన మొదటి దళితుడు జీఎంసీ బాలయోగి ఈ ఎదుర్లంకలోనే పుట్టాడు. 1998లో స్పీకరయ్యాడు, 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. వంతెన దాటి ముమ్మిడివరం వైపు వస్తుంటే ఎడమ పక్క లోపల కందికుప్ప ఉంటుంది. బొజ్జా తారకం గారు పుట్టిన ఊరు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, అయిదో రోజు మళ్లీ వస్తుంది.

అమలాపురం దగ్గర టీ తాగడానికి ఆగాను. బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి మర్యాదగానే అడిగాడు.

"ఏ ఊరండి మనది?"

చెప్పాను.

"అక్కడ ఎవరి తాలూకండి? ఇంటిపేరేంటండి?"

అదీ చెప్పాను. ఆయన తల ఊపి పేపర్లోకి చూపు తిప్పుకున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. సంభాషణ ఆగిపోయింది, అంతే. ఆరు రోజుల్లో ఈ రెండో ప్రశ్న నన్ను పదకొండుసార్లు అడిగారు. లెక్క రాసుకున్నాను.

ఇది పాత ఊళ్ల అలవాటు అని సర్దుకోవడానికి అమలాపురం ఒప్పుకోదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. మే 18న కోనసీమకు అంబేడ్కర్ పేరు పెడుతూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చారు. మే 24న పట్టణం తగలబడింది. ఒక దళిత మంత్రి ఇల్లు, ఒక బీసీ ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు, బస్సులు కాల్చారు. పేరు తర్వాత ఖరారైంది. ఇప్పుడు బోర్డుల మీద డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని ఉంటుంది. నేను ప్రతి బోర్డు దగ్గరా ఒక కాలు నేల మీద పెట్టి ఆగి చదివాను. బలవంతాన దిగడం వేరు, ఇష్టపడి ఆగడం వేరు.

రెండో రోజు: అమలాపురం – నరసాపురం

కొబ్బరితోటల నీడలో పోతుంటే వైనతేయ దాటాక మామిడికుదురు వస్తుంది. 1911లో బోయి భీమన్న పుట్టిన ఊరు. పాలేరు చదువుకుని ఆఫీసరు కావచ్చని నాటకం రాసినవాడు. ఆ నాటకం చూసి ఎందరు పాలేర్లు పిల్లల్ని బడికి పంపారో ఈ జిల్లాల ముసలివాళ్లని అడగండి, చెబుతారు.

ఇక్కడే ఒక చరిత్ర చెప్పాలి. మన కోస్తా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1924 ఆగస్టులో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టాడు. ఏ కులం వాళ్లయినా ఏ ఊళ్లోనైనా ప్రజల రోడ్డు మీద, వీధిలో, కాలిబాటలో నడవచ్చు, ప్రజల బావులు, చెరువులు, ఆఫీసులు వాడుకోవచ్చు అని. మండలి ఆమోదించింది. అంటే నేను తొక్కుతున్న ఈ దారి కాగితం మీద మనకు దక్కి వందేళ్లు దాటింది. అదే సంవత్సరం తిరువాన్కూరులో వైకోం గుడి చుట్టూ ఉన్న రోడ్ల కోసం సత్యాగ్రహం నడుస్తోంది. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1893లో, అదే తిరువాన్కూరులో అయ్యంకాళి తలపాగా చుట్టుకుని ఎడ్లబండి ఎక్కి, పులయలు అడుగుపెట్టకూడని దారిలో బండి తోలాడు. అడ్డొచ్చినవాళ్లకు ఎదురు నిలబడ్డాడు. 1950లో రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లు అనే మాట కూడా రాసింది. 1924, 1950, 1989, 2015. ఒకే హక్కును ఇన్నిసార్లు రాశారంటే, రాసిన ప్రతిసారీ ఊరు దాన్ని చెరిపేసిందని అర్థం.

మూడో రోజు: నరసాపురం – మచిలీపట్నం

ఈ రోజంతా ఎదురుగాలి. అటూ ఇటూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. నీడకు చెట్టు లేదు. గంటకు పది కిలోమీటర్లు కూడా రాలేదు. ఇలాంటప్పుడు తల పనిచేస్తుంది.

బాబాసాహెబ్ జీవితంలో బండి కథలు రెండున్నాయి. మొదటిది 1901లో. తొమ్మిదేళ్ల పిల్లవాడు అన్నతో, అక్క కొడుకుతో కలిసి తండ్రి దగ్గరికి గోరేగావ్ బయలుదేరాడు. రైలు దిగాక మహార్లని తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. ఒక షరతు మీద: బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. రెండోది 1929లో, చాలీస్‌గావ్‌లో. అప్పటికి ఆయన పెద్ద చదువులు చదివిన బారిస్టరు, ప్రభుత్వ కమిటీ సభ్యుడు. అయినా టాంగావాళ్లు ఆయన్ను ఎక్కించుకుని తోలడానికి ఒప్పుకోలేదు. బండి మాత్రం ఇచ్చారు. తోలడం రాని ఒక మహారు తోలాడు. కల్వర్టు దగ్గర ప్రమాదం జరిగి బాబాసాహెబ్ కాలు విరిగింది. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్లు, ఎన్నో డిగ్రీలు, రెండు ఖండాలు. టాంగా మాత్రం కదల్లేదు.

అందుకే నాకు సైకిల్ గొప్పదనిపిస్తుంది. దానికి తోలేవాడు అక్కర్లేదు. ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు. మన కాళ్లే ఇంజను. కాన్షీరాం గారికి ఈ సంగతి బాగా తెలుసు. 1983 మార్చి 15న డీఎస్ ఫోర్ కార్యకర్తలు సుమారు వందమంది ఢిల్లీ నుంచి సైకిళ్లెక్కారు. 40 రోజుల్లో ఏడు రాష్ట్రాలు తిరిగారు. రెండు కాళ్లు, రెండు చక్రాలు చాలన్నాడాయన. మరుసటి ఏడాదే బీఎస్పీ పుట్టింది.

రాత్రి మచిలీపట్నంలో కొంతమంది విద్యార్థులతో కూర్చున్నాను. ఒక చెల్లెలు అడిగింది: "అన్నా, నువ్వు మగాడివి కాబట్టి ఒక్కడివే వచ్చావు. నేను రాగలనా?" నా దగ్గర నిజాయితీగా అవునని చెప్పే జవాబు లేదు. ఒక సంగతి మాత్రం చెప్పాను. 1991లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఆడవాళ్లకు చదువుతో పాటు సైకిల్ కూడా నేర్పింది. వేలమంది నేర్చుకున్నారు. వాళ్లలో పొలం కూలీలు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు ఉన్నారు. జనం నవ్వారు, వెకిలి మాటలన్నారు. వాళ్లు తొక్కుతూనే ఉన్నారు. ఒంటరిగా రాలేనిది గుంపుగా రావచ్చు, గుంపుగా వచ్చిన దారిలో రేపు ఒకత్తే రావచ్చు. "అయితే నువ్వు నేర్పిస్తావా మరి?" అంది. ఆ బాకీ నా మీద ఉంది.

నాలుగో రోజు: మచిలీపట్నం – మా ఊరు – చుండూరు

చల్లపల్లి, మోపిదేవి దాటి పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటాను. అవతల రేపల్లె. అక్కణ్నుంచి పెద్ద రోడ్డు వదిలి మా ఊరికి తిరిగాను.

నెలల తరబడి అనుకున్న క్షణం ఇది. అరుగు ముందు నుంచి దిగకుండా పోవాలి. బెల్లు కూడా కొట్టాలనుకున్నాను. తీరా వెళ్తే అరుగు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారట. ఇంటికి ఎత్తైన గేటు, గేటుకు తాళం. పిల్లలు ఒకరు హైదరాబాదు, ఒకరు అమెరికా. నేను పోతుంటే చూసింది ఒక కుక్క. నేను బెల్లు కొట్టలేదు.

పల్లెలో మా నాయన ఈడు పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మంచం మీద పక్కన కూర్చుని అడిగాను.

"పెదనాయనా, మనోళ్లు అక్కడ సైకిల్ దిగడం ఎప్పుడు మానేశారు?"

"ఎప్పుడని చెప్పను రా! ఎవరన్నా దండోరా వేశారా? కారంచేడు జరిగినాక కుర్రోళ్లు దిగడం మానేశారు. చుండూరు జరిగినాక అడిగేవోళ్లు మానేశారు."

"మా నాయన?"

"మీ నాయన ఆఖరిదాకా దిగాడు. అలవాటురా. భయం పోయినా అలవాటు పోదు."

ఆ మాట మీద చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

సాయంత్రానికి చుండూరు చేరాను. 1991 ఆగస్టు 6. దానికి నెల ముందు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటుకు తగిలింది. అక్కణ్నుంచి గొడవ, తర్వాత సాంఘిక బహిష్కరణ, ఆ తర్వాత వేట. పోలీసులు ఊళ్లో ఉండగానే ఎనిమిది మందిని చంపారు. కొన్ని శవాలు గోనెసంచుల్లో కాలువల్లో దొరికాయి. ఊరి నడుమనే వాళ్లను సమాధి చేసి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు మనవాళ్లు. కోర్టు తమ ఊళ్లోనే పెట్టాలని కొట్లాడి పెట్టించుకున్నారు. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. రక్తక్షేత్రం దగ్గర సైకిల్ దిగాను. ఆ ఆరు రోజుల్లో తలవంచి దిగింది ఆ ఒక్క చోటే.

అయిదో రోజు: చుండూరు – బాపట్ల – చీరాల

చీరాలకు రెండు వలసల చరిత్ర ఉంది. మొదటిది మీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది. 1921లో మునిసిపాలిటీ పన్నులకు నిరసనగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల జనం ఊరు వదిలి బయట రామనగరం కట్టుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. గొప్ప పోరాటమే, కాదనను.

రెండోది పాఠ్యపుస్తకంలో ఉండదు. 1985 జులై 16న, చీరాలకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న కారంచేడులో, మాదిగపల్లె వాళ్లు తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెలకు కుడితి పెట్టి, ఆ మురికి నీళ్లలో కలుపుతుంటే ఒక కుర్రాడు వద్దన్నాడు. అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్త అనే ఆమె చేతిలో బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, జులై 17న, పల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు పరుగున చీరాల వచ్చారు. శిబిరంలో ఉన్నారు. మళ్లీ ఆ ఊరు పోమన్నారు. పోలేదు. చీరాలలో విజయనగర్ కాలనీ అట్లా పుట్టింది. ఆ శిబిరంలోంచే దళిత మహాసభ వచ్చింది. కత్తి పద్మారావు గారు, బొజ్జా తారకం గారు దానికి ముందు నిలబడ్డారు. తారకం గారు అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చాడు. మొదటి రోజు నేను దాటొచ్చిన కందికుప్ప నుంచి ఈ కాలనీ దాకా ఆయన వేసిన దారి అది. 1989 చట్టం వెనక కారంచేడు రక్తం ఉంది. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో గానీ రాలేదు. ఇరవై మూడేళ్లు.

రామనగరం వాళ్లు పదకొండు నెలల్లో ఇళ్లకు తిరిగిపోయారు. కారంచేడు వాళ్లు తిరిగిపోలేదు. ఏ వలస చరిత్ర అవుతుందో, ఏది కేసు ఫైలుగా మిగిలిపోతుందో ఎవరు నిర్ణయిస్తారు? చరిత్ర చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీ పని.

ఆరో రోజు: చీరాల – ఒంగోలు

చినగంజాం ఉప్పుకొఠార్లు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ గట్టు మీద కూర్చున్నాను. నేను చివరగా చెప్పదలచుకున్నది ఇక్కడ ఉంది.

1876–78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని ఘోరమైన కరువు చంపింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. ఆయన పేరే ఈ కాలువకు మిగిలింది. కరువు పనుల్లో మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన చిల్లర డబ్బులు చాలని అప్పట్లో లెక్క కట్టారు. పౌను అంటే అరకేజీ కూడా కాదు. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో పడిపోతున్న మాదిగలు, ఇంకా ఎందరో వచ్చి తవ్వారు. తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని పని నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయిపోయాక 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చర్చి పుస్తకాలు దీన్ని అద్భుతమని రాశాయి. నాకైతే, ఊళ్లో తలెత్తి నడవలేని మనుషులు తాము మనుషులమని చెప్పే ఇంకో చోటికి నడిచారనిపిస్తుంది.

కాలువ వాళ్లు తవ్వారు. పడవల్లో పోయింది ఎవరి సరుకు? రోడ్లకు కంకర కొట్టింది వాళ్లు. బండెక్కి పోయింది ఎవరు? డెల్టా కాలువలకు కాటన్ దొర విగ్రహాలు దారి పొడవునా చూశాను. మట్టి తట్ట మోసినవాళ్ల విగ్రహం ఒక్కటీ చూడలేదు. తవ్వినవాడి మనవడు అదే దారిలో సైకిల్ దిగి నడవాల్సొచ్చింది. ఇదే కులం లెక్క. పని మీది, దారి మాది.

సాయంత్రం ఒంగోలు చేరాను. ఎవరూ దండ వేయలేదు, నేనూ సాధించిందేమీ లేదు. నేను దిగకుండా తొక్కగలిగానంటే, శాసనమండలిలో ఒకరు తీర్మానం పెట్టారు, ఒకరు ఎడ్లబండి తోలారు, ఒక ఆడమనిషి బిందె ఎత్తింది, ఒక పల్లె మొత్తం ఊరు వదిలింది. నా కాళ్ల బలం అందులో చాలా చిన్న భాగం.

ఇప్పుడు మీకో పని. మీ తాతని, అమ్మమ్మని, పక్కింటి ముసలాయన్ని అడగండి: మన ఊళ్లో సైకిల్ ఎక్కడ దిగేవాళ్లు? చెప్పులు ఎక్కడ విప్పి చేత పట్టుకునేవాళ్లు? దిగడం ఎవరు మొదట మానేశారు? ఆ రోజు ఏం జరిగింది? వాళ్లు "చైన్ వదులైంది" అంటే ఆగిపోకండి, మళ్లీ అడగండి. చోటు పేరు, మనిషి పేరు, ఏడాది రాసిపెట్టుకోండి. అరుగులు కొట్టేస్తున్నారు, ముసలివాళ్లు వెళ్లిపోతున్నారు. ఇంకో పదేళ్లయితే ఇదంతా జరగనేలేదంటారు.

మచిలీపట్నం చెల్లెలికి: వచ్చే నెల మొదటి ఆదివారం వస్తున్నాను. సైకిల్ నేను తెస్తాను.

జై భీమ్.